కూలెంట్ మార్చాలా, డ్రైవర్‌ని మార్చాలా?

ఇబ్రహీంపట్నం వైపు నుంచి ఒక లారీ యజమాని రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాం.

మామగారు కొంత సొమ్ము సర్దగా, మిగతాది ఫైనాన్స్ తీసుకుని, 2021 మోడల్ బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణం) లారీ, పన్నెండు టైర్లది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. తోలేది బావమరిది. విజయవాడ నుంచి భద్రాచలం, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ లైను. వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదట. రాయ్‌పూర్‌లో ఇనుప కడ్డీలు ఎత్తుకుని వస్తూ కాంకేర్ దాటాక కేష్‌కాల్ ఘాట్ ఎక్కుతుంటే మాత్రం టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతోంది. రెండుసార్లు బండి ఆగింది. మొదటిసారి బావమరిది పక్కనున్న వాగు నీళ్లు పోశాడు, రెండోసారి ధాబా బోరు నీళ్లు. దారిలో ఒక మెకానిక్ 'మన ఎండలకి ఇది దండగ' అని థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసే పరికరం) పీకేశాడు. మొదట్లో ట్యాంకులో గులాబీ రంగు కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఉండేది, మధ్యలో ఎవరో ఆకుపచ్చది కలిపారు, ఇప్పుడు టీ డికాషన్ రంగులో ఉంది. ప్రతి ట్రిప్పుకీ మూడు నాలుగు లీటర్లు తగ్గుతోంది, కింద చూస్తే తడి కనపడదు.

'ముల్లు పైకి పోతే బండి ఆపు' అంటే బావమరిది 'అయితే నువ్వొచ్చి తోలు బావా' అన్నాడట. మామగారేమో 'మేం కాలవ నీళ్లు పోసి ఇరవై ఏళ్లు తోలాం, ఈ రంగు నీళ్లకి డబ్బు తగలేస్తావా' అంటున్నారు. ఇంట్లో ఇల్లాలు ఇటు భర్తకీ అటు తమ్ముడికీ మధ్య నలిగిపోతోంది. వీరి ప్రశ్నలు నాలుగు. కూలెంట్ ఇంటి దగ్గర మేమే దించి మార్చుకోవచ్చా? ఏ రంగు పోయాలి? డ్రైవర్‌ని మార్చాలా? లేక బండే అమ్మేయాలా?

సమాధానం:

మీరు అడిగిన నాలుగింటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ట్రిప్పుకి మూడు నాలుగు లీటర్లు ఎక్కడికి పోతున్నాయి? అది తెలియకుండా ఎంత మంచి కూలెంట్ పోసినా రెండు ట్రిప్పుల్లో మళ్లీ వాగు నీళ్లకే వస్తారు. అప్పుడు మామగారి మాటే నెగ్గినట్టవుతుంది, డబ్బూ పోతుంది. కాబట్టి కూలెంట్ డబ్బా కొనే ముందు లీకు పట్టుకోండి.

తెల్లవారుజామున ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ట్యాంకు మూత తీసి, ఆయిల్ గేజి కర్ర తీసి, రెండూ చూడండి. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు ఆయిల్లోకి వెళ్తున్నాయి. ఇక బండి కదపకండి. ట్యాంకులో నీళ్ల మీద నూనె తేలితే ఆయిల్ కూలర్ మీద అనుమానం. మూత తీసి ఉంచి బండి స్టార్ట్ చేసిన వెంటనే, ఇంకా వేడెక్కకుండానే, ట్యాంకులో బుడగలు వరసగా వస్తూ ఆగకపోతే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) దాటి సిలిండర్ గాలి నీళ్లలోకి వస్తోందన్నమాట. అలా ఉంటే మూత పెట్టి నడిపినప్పుడు పై హోస్ పైపు ఇంజన్ చల్లగా ఉండగానే రాయిలా గట్టిపడుతుంది.

ఇవేవీ కనపడకపోతే ప్రెజర్ టెస్ట్. మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెజర్ వరకూ గాలి కొడతారు. పావుగంట ముల్లు కదలకుండా నిలబడాలి. దిగిందంటే ఎక్కడో కారుతోంది. క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద ఉండే చిన్న బెజ్జం దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌తో కలిసే అతుకు దగ్గర, క్యాబిన్ హీటర్ గొట్టాల దగ్గర చూడాలి. కారిన కూలెంట్ వేడి ఇంజన్ మీద ఆవిరైపోతుంది గనక నేల మీద చుక్క పడదు. ఎండిన చోట తెల్లటి లేదా రంగు మరక మిగులుతుంది, టార్చి వేసి దాన్ని వెతకండి.

బయట ఎక్కడా మరక లేకపోయినా నీళ్లు తగ్గుతుంటే, మీది బీఎస్ 6 బండి గనక ఈజీఆర్ కూలర్‌ని తప్పకుండా చూపించండి. సైలెన్సర్‌కి పోవాల్సిన మంట లాంటి పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపే పని దానిది. చల్లబరిచేది మీ కూలెంటే. వాగు నీళ్లతో లోపల గార కట్టినా, నీళ్లు తగ్గి ఒకసారి పొడిగా కాలినా దాని సన్నటి గొట్టాలకు చీలికలొస్తాయి. అప్పుడు కూలెంట్ పొగతోపాటే వెళ్లిపోతుంది, కింద చుక్క పడదు, కొన్నిసార్లు తెల్ల పొగ మాత్రం కనిపిస్తుంది. మీరు రాసిన లక్షణాలకి ఇది బాగానే సరిపోతోంది. అయితే ఉత్తరం చూసి ఇదేనని తేల్చలేం, కూలర్‌ని విడిగా ప్రెజర్ పెట్టి చూస్తేనే తేలుతుంది. ముదరనిస్తే ఆ కూలెంట్ వెళ్లి డీపీఎఫ్‌ని, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ని, కూడా పాడుచేస్తుంది. ఆ బిల్లు ముందు కూలెంట్ ఖర్చు లెక్కలోకే రాదు.

ఇక మూత. ఎవరూ పట్టించుకోని చవక సామాను అది. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. మూత సుమారు 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అవే నీళ్లు 120 దగ్గర మరుగుతాయి. సగం కూలెంట్, సగం నీళ్లు ఉంటే దాదాపు 128 వరకూ ఆగుతాయి. మూత స్ప్రింగ్ సడలి, రబ్బరు ఎండిపోయిందంటే ఈ లాభమంతా పోయి మళ్లీ 100 దగ్గరికే వస్తారు. ఘాట్‌లో ఫుల్ లోడుతో ఎక్కే ఇంజన్‌కి ఆ తేడా చాలు, పొంగి పొర్లడానికి. ఇంజన్ చల్లారాక రేడియేటర్ హోస్ పైపు లోపలికి నొక్కుకుపోయి ఉంటే మూతలోని చిన్న వాక్యూమ్ వాల్వ్ పట్టేసిందని గుర్తు. మూత కొత్తది వేసేయండి, కానీ పాతదాని మీద ఎంత ప్రెజర్ రాసి ఉందో అదే నంబరుది.

థర్మోస్టాట్ పీకేసిన మెకానిక్ మంచి ఉద్దేశంతోనే చేసి ఉండొచ్చు, కానీ మీ ఘాట్ ఇబ్బందిని అది పెంచుతోంది. చాలా డీజిల్ ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరవడం ఒకటి, ఇంజన్‌లోనే గుండ్రంగా తిరిగే బైపాస్ దారిని మూసేయడం రెండోది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. అందుకే ఖాళీ బండి మైదానంలో చల్లగా నడుస్తూ, లోడుతో ఘాట్ ఎక్కితే వేడెక్కిపోతోంది. ఇంకో వైపు, ఖాళీగా నడిచేటప్పుడు ఇంజన్ చాలినంత వేడెక్కకపోతే డీజిల్ ఎక్కువ తాగుతుంది, డీపీఎఫ్ శుభ్రపడే రీజెనరేషన్ సరిగా సాగదు.

కొత్త థర్మోస్టాట్ వేసే ముందు మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పరీక్ష చేయండి. గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి థర్మోస్టాట్‌ని అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద ముద్రించిన అంకె, మాటవరసకి 82, రాగానే తెరుచుకోవడం మొదలవ్వాలి. ఇంకో పది పన్నెండు డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి. కొత్తవాటిలోనూ చెడ్డవి వస్తుంటాయి గనక ఈ పరీక్ష ఎలాగూ అవసరమే. ఆయన కళ్లతో చూస్తే, ఇంజన్‌ని ఎప్పుడు చల్లబరచాలో ఇదే నిర్ణయిస్తుందని మీరు విడిగా చెప్పక్కర్లేదు.

మామగారి మాటని కొట్టిపారేయకండి. ఆ రోజుల బండ్లు కాలవ నీళ్లతో నడిచిన మాట నిజం. అప్పటి రేడియేటర్లు ఇత్తడివి, రాగివి. గార పడితే షెడ్డులో విప్పి, రాడ్డు పెట్టి పొడిచి, టంకం వేసి మళ్లీ బిగించేవారు. ఇంజన్ల పవర్ తక్కువ, ఈజీఆర్ కూలర్ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో రేడియేటర్ అల్యూమినియం, గొట్టాలు సన్నం, అదే కూలెంట్ ఇంకా నాలుగైదు భాగాల్ని చల్లబరచాలి. నీళ్ల సంగతి ఒక లెక్కతో చెబితే ఆయనకీ తేలికవుతుంది. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే దిక్కులేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. కూలెంట్‌లో కలిపే నీటికి ఇంజన్ తయారీదారులు సాధారణంగా పెట్టే హద్దు 170, క్లోరైడ్ 40. అంటే మనిషి తాగడానికి పనికొచ్చిన బోరు నీళ్లు కూడా ఇంజన్‌కి పనికిరాకపోవచ్చు. డీమినరలైజ్డ్ వాటర్, అంటే బ్యాటరీలో పోసే నీళ్లు, వాడాలి. క్యాన్లలో దొరుకుతాయి.

వట్టి నీళ్లతో ఇంకో ప్రమాదం ఉంది. మీ ఇంజన్‌లో వెట్ లైనర్లు ఉంటే, అంటే లైనర్ (పిస్టన్ ఆడే సిలిండర్ తొడుగు) బయటి గోడకి నీళ్లు నేరుగా తగిలే రకమైతే, పిస్టన్ దెబ్బకి లైనర్ సన్నగా అదురుతూ ఉంటుంది. ఆ అదురుకి గోడ మీద ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. ఒక్కో పగులూ గోడని కాస్త కాస్త కొరుకుతుంది. చివరికి సూది బెజ్జాలు పడి నీళ్లు సిలిండర్లోకో ఆయిల్లోకో వస్తాయి. దీన్ని ఆపే రసాయనాలు లారీల కూలెంట్‌లో ఉంటాయి, నీళ్లలో ఉండవు.

రంగు గురించి. రంగు నమ్మి కొనకండి. గులాబీ, ఆకుపచ్చ, నీలం, పసుపు, అన్నీ కంపెనీలు వేసే అద్దకాలే. ఒకే రంగులో రెండు వేరు వేరు రసాయనాలుండొచ్చు, ఒకే రసాయనం రెండు రంగుల్లో రావచ్చు. మీ మాన్యువల్లో రాసిన స్పెసిఫికేషన్ నంబరు డబ్బా మీద ఉందో లేదో చూడండి. భారీ డీజిల్ ఇంజన్ల కూలెంట్ మీద సాధారణంగా ఏఎస్‌టీఎం డి 6210 అని ఉంటుంది. కార్ల కోసం అమ్మే చవక డబ్బాల మీద డి 3306 ఒక్కటే ఉంటుంది, అది మీకు సరిపోదు. మీ బండిలో ఇప్పటికే రెండు రకాలు కలిశాయి. అవి విరుద్ధ రకాలైతే అడుగున జిగురులా కట్టి రేడియేటర్ గొట్టాల్ని మూసేస్తాయి. పైన ఇంకో రెండు లీటర్లు పోసి సరిపెట్టుకునే దశ దాటిపోయింది. మొత్తం దించాల్సిందే.

లీకు దొరికి, బాగు చేయించాక, ఇంటి దగ్గర దించుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు. గట్టి చదునైన నేల, రోజంతా ఖాళీ, ఇద్దరు మనుషులు కావాలి. మాన్యువల్ ప్రకారం సిస్టమ్ మొత్తం 28 లీటర్లని రాశారు కాబట్టి సామాను ఇలా తెచ్చుకోండి: కాన్సెంట్రేట్ (నీళ్లు కలపని) కూలెంట్ 14 లీటర్లు, టాప్ అప్‌కి ఇంకో 5, డీమినరలైజ్డ్ వాటర్ 35 లీటర్లు, థర్మోస్టాట్ దాని గాస్కెట్‌తో సహా, మూత, డ్రెయిన్ ప్లగ్ వాషర్లు, కొన్ని హోస్ క్లిప్పులు, మూతలున్న 20 లీటర్ల క్యాన్లు నాలుగైదు, కొలత గీతలున్నవైతే మేలు.

ఇంజన్ చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, చక్రాలకి అడ్డాలు పెట్టి, ట్యాంకు మూత తీసి, క్యాబిన్ హీటర్ ఉంటే దాన్ని ఫుల్ వేడి వైపు తిప్పి పెట్టండి. లేకపోతే హీటర్లో ఉన్న పాత నీళ్లు అక్కడే ఉండిపోతాయి. ముందు రేడియేటర్ కింది కాక్, తర్వాత ఇంజన్ బ్లాక్ మీది డ్రెయిన్ ప్లగ్ తెరవండి. చాలామంది రేడియేటర్ ఒక్కటే దించి పని అయిపోయిందనుకుంటారు, మురికంతా బ్లాక్‌లోనే ఉంటుంది. బ్లాక్ ప్లగ్ తీసినా నీళ్లు రాకపోతే తుప్పు అడ్డుపడిందని అర్థం, మెత్తటి తీగతో కదిలించండి. మొదట వచ్చిన నీళ్లు ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా పెట్టండి. పైన నూనె పొర తేలితే ఆయిల్ కూలర్, అడుగున ఎర్ర మట్టి దిగితే తుప్పు, జిగురు ముద్ద కడితే రెండు కూలెంట్లు పడలేదు. ఈ సీసా మీ బావమరిదికి కూడా చూపించండి, వాదన తగ్గుతుంది.

కడగడం దగ్గర తొందర పడకండి. ప్లగ్గులు మూసి, మంచి నీళ్లు నింపి, ఇంజన్ స్టార్ట్ చేసి, పై హోస్ పైపు బాగా వేడెక్కిన తర్వాత ఇంకో పది పదిహేను నిమిషాలు నడపండి. ఆపి, మళ్లీ చల్లారనిచ్చి, దించండి. తేటగా వచ్చేదాకా ఇలాగే. మీ డికాషన్ రంగు చూస్తే రెండు మూడుసార్లు పట్టొచ్చు. గార ఎక్కువుంటే కూలింగ్ సిస్టమ్ కోసమే అమ్మే క్లీనర్, డబ్బా మీద రాసినంత కొలతలో, రాసినంతసేపే వాడండి. బాత్రూమ్ యాసిడ్, ఉతికే సోడా ఎవరు చెప్పినా వద్దు. యాసిడ్ అల్యూమినియంని తినేస్తుంది, సోడా కూడా అంతే. శుభ్రమైనట్టే కనపడి నెల తిరిగేసరికి రేడియేటర్ చెమర్చడం మొదలుపెడుతుంది. చిల్లి పూడ్చడానికి రేడియేటర్లో పసుపు పోసే అలవాటు రోడ్డు మీద ఇంకా ఉంది. అది చిల్లితోపాటు మంచి గొట్టాల్నీ పూడ్చేస్తుంది. పసుపు కూరలోకి ఉంచుకుందాం.

చివరి కడుగుడు మాత్రం డీమినరలైజ్డ్ నీళ్లతోనే చేయాలి. ఎందుకంటే ఎంత దించినా కొన్ని లీటర్లు లోపల మూలల్లో మిగిలిపోతాయి. ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతారు. చివరిసారి దించిన నీళ్లు క్యాన్లలో కొలవండి. 22 లీటర్లు వచ్చాయనుకోండి, లోపల ఇంకా 6 లీటర్లు వట్టి నీళ్లున్నాయి. ఇప్పుడు సగం సగం కలిపి ఉన్న రెడీమిక్స్ 22 లీటర్లు పోస్తే అందులో అసలు కూలెంట్ 11 లీటర్లే. 28కి 11 అంటే 39 శాతం. మనకి నీళ్లు గడ్డకట్టే బాధ లేదు గనక పర్వాలేదనిపిస్తుంది కానీ, తుప్పునీ లైనర్ కొరుకుడునీ ఆపే మందు కూడా అంతే పల్చబడింది. కాబట్టి కాన్సెంట్రేట్ 14 లీటర్లు ముందు పోసి, మిగిలిన 8 లీటర్లు డీమినరలైజ్డ్ నీళ్లతో నింపండి. చిక్కగా ఉంటే ఇంకా మంచిదనుకుని 60 శాతం దాటించకండి. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ నీళ్లంత బాగా వేడిని మోయలేదు, ఎక్కువైతే ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది.

పోసేటప్పుడు సన్నటి ధారగా పోయండి. థర్మోస్టాట్ దగ్గర, ఈజీఆర్ కూలర్ పైన గాలి వదిలే స్క్రూలుంటే వాటిని వదులు చేసి, బుడగలు ఆగి నీళ్లు వచ్చాక బిగించాలి. ఎక్కడెక్కడున్నాయో మాన్యువల్లో ఉంటుంది. గాలి చిక్కుకుంటే ముల్లు మామూలుగానే ఉండి, హెడ్‌లో ఒక మూల మాత్రం మాడిపోతుంది. మూత తీసి ఉంచి ఐడిల్‌లో నడుపుతూ, మట్టం దిగినకొద్దీ పోస్తూ, హీటర్లోంచి వేడి గాలి వచ్చేదాకా ఆగండి. గాలి చల్లగానే వస్తుంటే లోపల ఇంకా ఎయిర్ లాక్ ఉంది. తర్వాత మూత బిగించి, లోడు లేకుండా ఓ ఇరవై కిలోమీటర్లు తిప్పి తెచ్చి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడండి. కొంచెం దిగడం సహజం. వీలుంటే రిఫ్రాక్టోమీటర్ అనే కొలత సాధనం మీద ఒక చుక్క పెట్టి కూలెంట్ శాతం చూసి రాసి పెట్టుకోండి, తర్వాత ఎంత పల్చబడిందో తెలియడానికి అదే ఆధారం.

దించిన పాత కూలెంట్‌ని పంట కాలవలోకో రోడ్డు వారకో వదలకండి. దాని రుచి తియ్యగా ఉంటుంది, కుక్కలూ పశువులూ తాగేస్తాయి. మనిషికి నూరు మిల్లీలీటర్లే ప్రాణాంతకం కావచ్చు, పిల్లలకి అంతకంటే చాలా తక్కువ. మంచినీళ్ల సీసాల్లో మాత్రం ఎప్పుడూ పోయొద్దు. మూతలున్న క్యాన్లలో పెట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.

ఇంటి దగ్గర కాదనుకుంటే ఇంకో రెండు దారులున్నాయి. సర్వీస్ సెంటర్‌లో అయితే కంప్యూటర్ పెట్టి పాత టెంపరేచర్ కోడ్లు చూస్తారు, ఈజీఆర్ కూలర్ పరీక్షిస్తారు, బిల్లు ఎక్కువ, బండి రెండు మూడు రోజులు ఆగొచ్చు. వారంటీ ఇంకా మిగిలుంటే థర్మోస్టాట్ తీసేసిన సంగతి దాచకండి, కొత్తది వేయించాకే ముందుకెళ్లండి. ఆటోనగర్ షెడ్డులో తక్కువలో అవుతుంది, కానీ కూలెంట్, నీళ్లు మీరే కొని తీసుకెళ్లి, బ్లాక్ ప్లగ్ తీసేదాకా పక్కనే నిలబడాలి. లేకపోతే రేడియేటర్ ఒక్కటే దించి, మున్సిపాలిటీ కొళాయి నీళ్లు కలిపి ఇచ్చే అవకాశం ఉంది. మా లెక్కలో, లీకు పరీక్ష సర్వీస్ సెంటర్‌లో, కూలెంట్ మార్పు ఇంటి దగ్గర, ఇది ఖర్చుకీ నమ్మకానికీ మధ్యస్థంగా ఉంటుంది. అదే రోజు రేడియేటర్ ముందు, ఇంటర్‌కూలర్ మధ్య పేరుకున్న దుమ్ము, పత్తి నూగు, ఊక కూడా తక్కువ ఒత్తిడి నీళ్లతో ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టించండి. ప్రెజర్ వాష్ దగ్గరగా పెడితే రెక్కలు మడతపడతాయి. ఫ్యాన్ బెల్టు, విస్కస్ ఫ్యాన్ (వేడిని బట్టి వేగం మార్చుకునే ఫ్యాన్) కూడా చూపించండి. ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ ఒక్కటే దిక్కు.

ఇప్పుడు మీ బావమరిది సంగతి. అతను బండి ఆపకపోవడానికి మొండితనమే కారణమని మీరు రాశారు. కావచ్చు. కానీ లోడు ఆలస్యమైతే అతని బత్తాలో కోత పడుతుందా? ఆలస్యానికి సరుకు పార్టీతో మాటపడేది ఎవరు? ఈ రెండింటికీ మీరు జవాబు చెప్పకుండా 'ఆపు' అంటే, అతనికి అది సలహాలా కాక నింద మోపడంలా వినపడుతుంది. 'ముల్లు పైకెళ్లి ఆపితే ఆ ఆలస్యం నాది, నీ బత్తా పోదు, పార్టీకి నేను ఫోన్ చేస్తాను' అని మామగారి ముందే చెప్పండి. అప్పుడు కూడా ఆపకపోతే డ్రైవర్‌ని మార్చే ఆలోచన న్యాయంగా ఉంటుంది. ముందే మారిస్తే, కొత్త డ్రైవర్ కూడా ఇదే లీకున్న బండిని ఇదే ఘాట్ ఎక్కించాలి, మీ ఇంట్లో మాత్రం కొత్త గొడవ పుడుతుంది.

అతనికి చెప్పాల్సిన పద్ధతి కూడా స్పష్టంగా ఉండాలి. ముల్లు పైకి పోవడం మొదలవగానే, ఎర్ర గీత దాకా ఆగకుండా, గేరు తగ్గించి ఆర్‌పీఎం కాస్త పైన ఉంచి నెమ్మదిగా ఎక్కాలి. పెద్ద గేర్లో బలవంతంగా లాగితే పంపూ ఫ్యానూ నెమ్మదిగా తిరిగి ఇంకా వేడెక్కుతుంది. ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టాలి. ఒళ్లు మాడుతుంది, ఇంజన్ మిగులుతుంది. అయినా తగ్గకపోతే చోటు చూసి పక్కకి తీసి, నీళ్లు ఉన్నాయని నమ్మకం ఉంటే ఇంజన్ వెంటనే ఆపకుండా మూడు నాలుగు నిమిషాలు లోడు లేకుండా నడపాలి. నీళ్లు పోయాయని తెలిసినా, ఆవిరి చిమ్ముతున్నా, పైకెళ్లిన ముల్లు హఠాత్తుగా పడిపోయినా వెంటనే ఆపేయాలి. సెన్సర్‌కి నీళ్లు తగలకపోతే ముల్లు అలాగే పడిపోతుంది, చల్లబడిందని మోసపోవద్దు. మూత జోలికి కనీసం ముప్పావుగంట పోకూడదు. తర్వాత మందపాటి గోనెసంచి కప్పి, మొదటి మెట్టు దాకా తిప్పి, బుస ఆగాక పూర్తిగా తీయాలి. మాడుతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది.

బండిలో ఎప్పుడూ సగం సగం కలిపిన కూలెంట్ 20 లీటర్ల క్యాన్ ఒకటి ఉంచండి. అది కూడా అయిపోయి, అడవి దారిలో వాగు నీళ్లే దిక్కయితే పోయనివ్వండి, ఇంజన్ పట్టేయడం కంటే అదే నయం. షరతు ఒక్కటే. ఏ నీళ్లు, ఎన్ని లీటర్లు, ఎక్కడ పోశాడో ట్రిప్పు షీట్‌లో రాయాలి, దానికి అతన్ని తిట్టకూడదు. రాస్తే మీకు లీకు లెక్క తెలుస్తుంది, తిరిగొచ్చాక దించి సరిచేసుకోవచ్చు. తిడితే ఇకమీదట రాయడు.

అమ్మే ఆలోచన ఇప్పుడొద్దు. వేడెక్కే బండిని కొనేవాడు ఒక రౌండు తిప్పగానే పసిగడతాడు, ధర అక్కడే తెగుతుంది. పైగా ఫైనాన్స్ తీరకుండా ఎన్‌వోసీ రాదు. లీకు హెడ్ దగ్గరో లైనర్ల దగ్గరో అని తేలి, ఇంజన్ విప్పాల్సి వస్తే అప్పుడు మరమ్మతు అంచనా, మిగిలిన కిస్తీలు పక్కపక్కన పెట్టుకుని మామగారితో కలిసి లెక్క చూసుకోండి. సొమ్ములో ఆయన వాటా ఉంది, ఆ మాట ఆయనకి ముందే తెలియాలి.

కూలెంట్ మార్చిన తర్వాత మొదటి ట్రిప్పు రాయ్‌పూర్‌కి కాకుండా దగ్గరలో మైదానపు లోడు ఒకటి వేయండి. వచ్చిన మర్నాడు పొద్దున ట్యాంకు మట్టం చూడండి. పావు అరా లీటరు తగ్గితే లోపల మిగిలిన గాలి బయటపడిందనుకోవచ్చు, పోసి మళ్లీ గమనించండి. లీటరు పైన తగ్గితే లీకు ఇంకా ఉన్నట్టే. ఈజీఆర్ కూలర్, హెడ్ గాస్కెట్ రెండూ తేలేదాకా కేష్‌కాల్ లోడు ఒప్పుకోకండి.